బాగున్న మనిషి రక్తం

తెల్లారి సంకటికి ఎసరు పెట్టకముందే ఎస్తేరు మొగుడి కాళ్ళు పిసకాలి. "గట్టిగా పిసకు మే, చేతుల్లో బలం లేదా?" అంటాడు ఏబెల్. కార్గిల్ యుద్ధం చేసి మిలిటరీ నుంచి వచ్చేసినప్పటి నుంచీ అతనికి ఒళ్ళంతా నొప్పులు, మతిమరుపు, కూర్చున్నచోటే నీరసం. ఎన్ని స్కానింగులు తీసినా ఇదీ రోగం అని ఏ డాక్టరూ తేల్చలేదు. "తూటాలకు పడనోడు నీ చేతి కూటికి పడినాడు" అంటుంది అత్త సంతోషమ్మ.

ఎస్తేరు గమనిస్తూనే ఉంది. నీళ్ళ బిందె ఎత్తమంటే నడుం పట్టేసే మనిషి, స్నేహితుడు బండి హారన్ కొడితే చొక్కా తగిలించుకుని గడప దాటేస్తాడు. తాను ఇంట్లో లేనప్పుడూ ఈ మూలుగు ఉంటుందా అని ఆమె వాకిట్లో చెవి ఒగ్గి నిలబడిన రోజులున్నాయి.

అందుకే, స్కానింగులో దొరకని రోగం గుర్తుల్ని తిరుపతి ఆస్పత్రిలో మాజీ సైనికుల రక్తంలో వెతుకుతున్నారని తెలియగానే, అక్కడికి అందరికన్నా ముందు ఆమే బయల్దేరింది. ఈయన నాటకమేదో ఇవాళ బయటపడుతుంది.

ఏబెల్ రక్తం తీశాక నర్సు కోమలి ఇంకో సూది విప్పింది. "పక్కన పెట్టి చూసేదానికి, అదే ఇంట్లో అదే తిండి తినే బాగున్న మనిషి రక్తం కూడా కావాల."

"మా ఆడమనిషిది తీసుకోండి. గుండ్రాయి మాదిరి ఉండాది" అన్నాడు ఏబెల్.

"జొరం కూడా రాదు మహాతల్లికి" నవ్వింది సంతోషమ్మ.

"నొప్పులేమన్నా ఉండాయా అక్కా?" ఎస్తేరును అడిగింది కోమలి.

"ఏం లేవు మేడమ్" అన్నాడు ఏబెల్.

పిడికిలి బిగించమంది కోమలి. ఎస్తేరు వేళ్ళు సగంలోనే ఆగిపోయాయి. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి మామిడికాయలు కోసే వేళ్ళు. అవి పూర్తిగా ముడుచుకుని ఎన్నాళ్ళైందో ఆమెకే గుర్తులేదు. సంకటి గెలికితే భుజం లాగేస్తుంది, బస్సు దిగితే మోకాలు వంగదు. చెప్తే నమ్మరని చెప్పలేదు. ఏబెల్ చెప్పినాడు, తను నమ్మలేదు. అతనిది నిజమే అయితే? రెండు రక్తాలూ ఒకే మాదిరి కనబడితే, ఏమీ లేదు పొమ్మంటారు కదా అతన్ని?

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమ్మే, సూదికి భయమా?"

ఆమె అతని వైపు చూడలేదు.

"నా రక్తం పక్కన పెడితే ఆయన రోగం మీకు కనబడదు సిస్టరమ్మా. ముందు నాదేం రోగమో సూడండి."