మంచిగున్నానన్నవాళ్ళు

అంగడి రోజు చంటిదాన్ని చంకనేసుకుని వాకిట్లో నిలబడటం నా పని. మా ఆయన అమర్నాథ్ హైదరాబాదులో సర్జరీ చదువుతున్నారు. పేగు జారిన జబ్బుకు, అదే హెర్నియాకు, ఆయన దవాఖానలో కొత్త పద్ధతి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కోహీర్, న్యాల్‌కల్ పల్లెల్లో చాలామంది. అంత దూరం వాళ్ళు మళ్ళీ పోలేరు కనుక, జహీరాబాద్ అంగడికి వచ్చినప్పుడు మా ఇంటికి రమ్మని చెప్పి పంపేవారు. ఎలా ఉన్నారో నేను అడిగి రాసి పంపితే, ఆయన దాంతో వైద్య పత్రికకు వ్యాసం రాస్తారు. అక్కడ చదివే డాక్టర్లను వ్యాసాలతోనే తూస్తారట. "నా జతల చదివే మదన్‌మోహన్‌వి మూడు అచ్చయినయి, నాది ఒక్కటే. చదువైనంక దవాఖానల ఉన్న కొలువు ఒక్కటి. ఎంతమందిని బాగు చేసినవని ఎవడూ అడగడు" అనేవారు. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించిన నాకు ఆ పని గర్వంగా ఉండేది. ఏడ్చే పిల్లను ఊపుతూనే "మంచిగున్నవా?" అని అడిగేదాన్ని. "మీ దయ, మంచిగున్న తల్లీ" అనేవారు. అదే రాసేదాన్ని.

ఈసారి న్యాల్‌కల్ నుంచి నాగవ్వ అల్లం గంపతో వచ్చింది. తనూ మంచిగున్నానంది. గంప తలకెత్తుకోబోయి, కడుపు పట్టుకుని గడప మీద కూలబడింది. పిల్లను కింద దించి, ఆమెను లోపలికి తీసుకుపోయి చూశాను. కోసిన చోటే మళ్ళీ నిమ్మకాయంత ఉబ్బు.

"మరి మంచిగున్ననంటివి?"

"డాక్టర్ దొర ఇంటి ముంగట నిలబడి బాగలేనని ఎట్ల అంటమమ్మా? పిలిచి అన్నం పెట్టినోళ్ళ ఇంట్ల కూర సప్పగున్నదంటరా? మా ఊరి బస్వమ్మ గూడ గట్లనే చెప్పిపోయింది. ఆమెకు నాకన్న పెద్దగున్నది."

ఇన్నాళ్ళూ నేను రాసి పంపింది వీళ్ళ మర్యాద, ఆరోగ్యం కాదు. రేపు ఎవరికైనా పేగు బిగిసి ప్రాణం పోతే అందులో నా చెయ్యీ ఉంటుంది. ఇంతలో మా అత్త నర్సమ్మ, "పిల్ల నేల మీద పడి ఏడ్వవట్టె, నువ్వు దాని కడుపు జూసుకుంట కూసున్నవా? నువ్వు గూడ డాక్టర్‌వైనవా?" అంది. పిల్ల మోకాలు గీరుకుపోయింది. ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాను. ఎవరి దగ్గర ఉన్నా ఇంకొకరికి అన్యాయం చేస్తున్నట్టే ఉంది.

ఆదివారం ఆయన వచ్చినప్పుడు చెప్పాను. చేతులు కడుక్కుంటూ విన్నారు.

"ఒకరిద్దరికి మళ్ళొస్తది. దానికేంది?"

"ఒకరిద్దరే అని ఎట్ల తెలుస్తది? అందర్నీ మళ్ళ చూడాలె."

"చూస్తె రెండేండ్ల పని మట్టిల కలుస్తది. గా కొలువు మదన్‌మోహన్‌కు పోతది. నేనెవరి కోసం కష్టపడుతున్న, నీ కోసం కాదా? నిన్ను అడగమన్న గని చూడమన్ననా?"

వడ్డిస్తుంటే ఆయన చొక్కా మోచేతుల దగ్గర అరిగిపోయి కనిపించింది. వార్డులోనే తిని, వార్డులోనే పడుకునే మనిషి. ఆ కొలువొస్తే మేం ముగ్గురం ఒకచోట ఉంటాం. అది నేనూ కోరుకున్నాను. అందుకేనేమో, ఒక్కరినీ రెండోమాట అడగలేదు. నాగవ్వ అబద్ధమాడింది మర్యాదకు. నేను దాన్ని నమ్మింది నా అవసరానికి.

వారమంతా ఆ మాటే మనసులో నెమరేశాను. బండిమీద పోయేవాళ్ళతో న్యాల్‌కల్‌కు కబురు పెట్టాను. మరుసటి ఆదివారం వచ్చిన ఆయన తిరిగి వెళ్ళే పొద్దున పిల్లనెత్తుకుని నేనూ బస్సు దగ్గరికి వెళ్ళాను. సాగనంపడానికి వచ్చాననుకున్నారు. అక్కడ హైదరాబాదు దవాఖానకు పోవడానికి మూటలతో నాగవ్వ, బస్వమ్మ నిలబడి ఉన్నారు.

ఆయన మొహం పాలిపోయింది. "వీళ్ళెందుకొచ్చిన్రు? దవాఖానల మా పెద్ద డాక్టర్ అడిగితే ఏం చెప్తవు?"

"నేనేం చెప్ప. ఉన్నది వాళ్ళే చూపెడ్తరు."

మొగుడి బతుకు చెడగొట్టిందని అత్త అంటుంది, వాడ అంటుంది. నిజమే కావచ్చు. ఆయన వంక చూడలేకపోయాను. పిల్లను మాత్రం ఆయన చేతుల్లో పెట్టాను. నాగవ్వను బస్సెక్కించడానికి నాకు రెండు చేతులూ కావాలి.