నీటికాకుల్ని తరిమే పడవ

సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడు చెప్పకూడదు, కొనేవాడి మొహం చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఇందుకూరుపేటలో రొయ్యల మేత అమ్ముతున్న పెంచలకృష్ణ నమ్మకం అది. అందుకే కూతురు జయశీల పెరటి నీళ్ల తొట్టిలో తిప్పుతున్న పడవను ఆయన మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు.

చెప్పుల పెట్టె అంత పడవ. థర్మాకోల్ ఒళ్లు, రెండు బుల్లి మోటార్లు, పైన గిర్రున తిరిగే ఎర్రజెండా. ఫోన్‌లో “కుడికి పో” అంటే కుడికి పోతుంది, “ఆగు” అంటే ఆగుతుంది. గుంట మీద వాలి రొయ్యల్ని మింగే నీటికాకుల్ని తరమడానికి చేసింది జయశీల. తడ దగ్గర ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగం వద్దు, అంగడి వెనక గోడౌన్ ఇస్తే ఇవే చేసి అమ్ముతానంది.

“మాటలొద్దు పాపా. హజరత్తయ్య గుంటలో వేద్దాం. ఆయన ఉంచిపొమ్మంటే గోడౌన్ నీది. లేదంటే సోమవారం బస్సెక్కు” అన్నాడు పెంచలకృష్ణ.

హజరత్తయ్య తూకంరాయిని కూడా తూచి చూసే మనిషి. ఆయన దగ్గర నెగ్గిన సరుకు బోగోలు దాకా నెగ్గినట్టే.

వాళ్లు వెళ్లేసరికి మేత చల్లే వేళని, నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు ఆపి ఉంచారు. గుంట నిశ్శబ్దంగా ఉంది. గట్టు మీద హజరత్తయ్య, పాక నీడలో ఆయన భార్య ఆదిశేషమ్మ.

“ఏంది కృష్ణా, మేత తెమ్మంటే ఆటబొమ్మ తెచ్చినావు?”

“నోటితో చెప్తే పోతాది పెదనాయనా” అని జయశీల తాడు కట్టిన పడవను నీళ్లలో వదిలి, ఫోన్ ఆయన చేతికిచ్చింది.

“నా మాటకి నా పెళ్లామే పోదు. ఇది పోతాదా?”

అంతలో అవతలి మూలన నాలుగు నీటికాకులు వాలాయి. హజరత్తయ్య ఫోన్ సంగతే మరిచి, అలవాటు కొద్దీ “హోయ్! హుష్షో!” అని గుంట అదిరేలా కేకేశాడు. పిట్టలు లేచిపోయాయి. పడవ ఉన్నచోటే ఊగుతోంది.

“పోయినాయి గదా. ఇంక పడవెందుకు?”

పిట్టలు మళ్లీ వాలాయి. ఈసారి ఫోన్ గుర్తొచ్చింది గానీ, అవతలి గట్టు మనిషిని పిలిచినట్టు దాంట్లోకి అరిచాడు. అర్థం కాలేదంది ఫోన్. మూడుసార్లు అరిస్తే మూడుసార్లూ అదే మాట.

“దీనికి చెవుడు పాపా.”

“మెల్లిగా చెప్పండి పెదనాయనా.”

“గుంట మీద మెల్లిగా మాట్లాడినోడు ఎవుడు బాగుపడినాడు?”

జయశీల ఫోన్ వెనక్కి తీసుకుని, తల వంచుకుని పడవకు కట్టిన తాడు లాగసాగింది. పందెం తండ్రి గెలిచినట్టే. సంతోషం కలుగుతుందనుకున్నాడు పెంచలకృష్ణ. కలగలేదు.

“ఆ ఫోన్ ఇట్టియ్యి పాపా” అంది పాక నీడలోంచి వచ్చిన ఆదిశేషమ్మ. గొంతు కాదు, గాలి. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా పిట్టల్ని అదిలించేది ఆమే. కిందటి పంటప్పుడే గొంతు పోయింది. అరవొద్దన్నాడు డాక్టరు. అరవక తప్పుతుందా?

ఫోన్ పెదవుల దగ్గర పెట్టుకుని రహస్యం చెప్పినట్టు “ముందుకు పో” అంది. పడవ కదిలింది. “ఎడమకి పో.” ఎర్రజెండా తిప్పుకుంటూ మూలకి పోయింది. నీటికాకులు బెదిరి లేచి పక్క గుంటలో పడ్డాయి.

“మా తోడికోడలి గుంట” అని ఆదిశేషమ్మ చప్పుడు లేకుండా నవ్వింది. “ఇది ఈడ్నే ఉండనీ.”

“ఏందే, నేనేమీ అనకముందే?”

“పొద్దస్తమానం అరిచేది నువ్వా, నేనా?”



పందెం హజరత్తయ్య మాట మీద, ఉండనీ అన్నది ఆదిశేషమ్మ కాబట్టి పెంచలకృష్ణ తప్పుకోవడానికి సందుంది. ఆ సందు ఆయనకు కనిపించింది కూడా. కానీ ఇరవై ఏళ్లుగా గట్టు మీద నిలబడ్డ మగవాళ్లతోనే బేరమాడాడు. పాకలో రోజంతా కూర్చునేదెవరో ఒక్కనాడూ అడగలేదు. ఈ ఊళ్లో గుంటలెన్ని, వాటి దగ్గర పాకలెన్ని?

“ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతసేపు తిరగతాది?” అని కూతుర్ని అడిగాడు.

“రెండు గంటలు నాయనా.”

“చాలదు. పొద్దుగూకేదాకా తిరగాల. గోడౌన్‌లో కూర్చోని ముందు అది చూడు.”