వియ్యంకుడు బిగించిన చక్రం

మా అమ్మాయి కుట్టే తెరలన్నీ మిట్ట మీది హోటలుకే పోతాయి. మిట్టంటే అలాంటిలాంటిది కాదు, పైకి చూస్తే నెత్తిమీది టోపీ వెనక్కి పడాల్సిందే. అమ్మాయి కరెంటు సైకిలుకున్న పాత మోటారు సగం దూరం ఎక్కి, నీలం గేటు దగ్గర మూలిగి ఊరుకునేది. అక్కణ్ణుంచి అమ్మాయే నెట్టుకుపోయేది. మోకాలు బెణికాక ఆ ముచ్చటా తీరింది. ఈ సాయంత్రానికి తెరలు అందకపోతే, వ్యాను ఉన్న ఇంకో దర్జీని చూసుకుంటామని హోటలువాళ్లు కబురు పెట్టారు.

అందుకని ముందు చక్రానికి పెద్ద మోటారు తెప్పించింది. చక్రం నడుమ మూకుడంత ఉంది. మెకానిక్కుని పిలుద్దామనుకునేలోగా మా వియ్యంకుడు చొక్కా చేతులు మడిచి, పానా పట్టుకుని పెరట్లోకి దిగారు.

"మెకానిక్కెందుకు చెల్లెమ్మగారూ? రెండు నట్లు! నేను లేనూ?"

వియ్యంకుడికి ఎదురు చెప్పే ఆడపిల్ల తల్లి ఇంకా పుట్టలేదు. పైగా నాకు అనుభవం కూడా ఉంది. ఒకసారి ఆయన బిగించిన కుళాయి కారుతోందన్నాను. అంతే, వారం రోజులు నేను ఎదురుగా ఉండగానే, "ఉప్పు కావాలని మీ అమ్మకి చెప్పమ్మా" అని అమ్మాయితో అనేవారు.

"ఆయన పానా పట్టుకుంటే నేను గోడ అవతలే ఉంటాను వదినగారూ" అని ఆయన భార్య తడి దుప్పట్లు పెరట్లో తీగమీద పడేసి అటు పోయింది.

ఆయన పాత చక్రం ఊడదీశారు, టైరు కొత్తదానికి తొడిగారు, నట్లు బిగించారు. పాత మోటారు వైరు ఎడమ పక్కనుంచి వచ్చేది. దీనిది కుడిపక్కకి వచ్చింది. పొడవు చాలకపోతే సాగదీసి, పురికొసతో కట్టి, "వైరు దగ్గర కూడా పిసినారితనమే వీళ్లకి!" అని కంపెనీని తిట్టారు.

ఎడమ చెయ్యి కుడివైపు కుట్టిన చొక్కాలా కనబడింది నాకు. అమ్మాయికీ అలాగే కనబడినట్టుంది. 'నువ్వు చెప్పమ్మా' అన్నట్టు నా వంక చూసింది. 'మీ మామగారు, నువ్వే చెప్పుకో' అన్నట్టు నేను చూశాను. ఎండ చూస్తే గోడ ఎక్కేస్తోంది.

"అన్నయ్యగారూ, బిగించిన చెయ్యి మీది, మొదటి సవారీ కూడా మీదే" అన్నాను.

ఆయన దర్జాగా ఎక్కి పిడి తిప్పారు. సైకిలు వెనక్కి బయల్దేరింది. ఆయనా సైకిలూ కలిసి సరాసరి తడి దుప్పట్లలోకి పోయారు. దుప్పట్లోంచి "బ్రేకేదీ, బ్రేకేదీ" అన్న గొంతు మాత్రం వినబడింది.

"మా ఆయన ముందుకి పోయిందెప్పుడు గనక!" అంది గోడ అవతల్నుంచి వదినగారు.

దుప్పటి తొలగించుకుని బయటికొచ్చిన మొహం కందగడ్డలా ఉంది. పానా వంక చూశారు. అది గిరాటేసి గదిలోకి పోయారంటే, తెరలు మా ఇంట్లోనే ఉండిపోతాయి.

"మంచి పని చేశారు అన్నయ్యగారూ" అన్నాను గబగబా. "ఇంకెవరైనా అయితే ముందుకి పోయేదొక్కటే చూసేవాళ్లు. వెనక్కి కూడా పోతుందని మీరు గనక చూశారు."

ఆయన నా మొహంలోకి చూశారు. నేను దుప్పటికంటిన మట్టి దులుపుతున్నాను.

"అదే మరి" అన్నారు గొంతు సవరించుకుని. "అన్నీ చూసుకోవాలి కదమ్మా!"

కూర్చుని నట్లు వదులు చేసి, చక్రాన్ని ఇటుది అటు తిప్పి బిగించారు. వైరు సాగదీయకుండానే అందింది. మిగిలిన పురికొస వంక ఎవ్వరం చూడలేదు.

తెరల మూట వెనక కట్టుకుని అమ్మాయి బయల్దేరింది. మేమంతా వీధిలోకొచ్చి నిలబడ్డాం. సైకిలు నీలం గేటు దగ్గరికి చేరగానే వియ్యంకుడు ఊపిరి బిగబట్టారు. అమ్మాయి కాలు కింద పెట్టలేదు. గేటు దాటింది, మలుపు తిరిగింది. కాసేపటికి పైనుంచి సైకిలు గంట మోగింది.

ఆయన ఊపిరి వదిలి, మెల్లిగా అడిగారు. "చెల్లెమ్మగారూ, ఆ కుళాయి ఇంకా కారుతోందా?"

"కొంచెం" అన్నాను.

"పానా దాచెయ్యండి వదినగారూ!" అని అరిచింది ఆయన భార్య.