సగం రంగు వేసిన గోడ

వ్యాను దిగి రోడ్డు దాటుతుండగానే పొకువాకు కొత్త రంగు వాసన వచ్చింది. ఈ వీధిలో ఇంటికి రంగు వేయించుకునే స్థోమత ఎవరికుందా అనుకుంటూ నడిచింది. తీరా చూస్తే అది తమ ఉమ్మడి ఇల్లే. ముందు గోడ ఎడమ సగం మామిడిపండు పసుపులో మెరిసిపోతోంది. కుడి సగం ఎప్పటిలాగే ఎర్రమట్టి మరకలతో ఉంది.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు. పసుపు ఆగిపోయిన చోట రంగు కారి చారలు కట్టిందనీ, పనివాడు తుడవలేదనీ మాత్రం గమనించింది.

ఆ ప్రాంతంలో మనిషి ఇక బతకడని పెద్దలకు తోచినప్పుడు ఆ మాట ఎవరూ అనరు. ఇంటికి రంగు వేయిస్తారు. శవాన్ని ఉంచేది ఉమ్మడి ఇంట్లోనే కదా, వచ్చే జనం పాత గోడలు చూసి నవ్వకూడదు.

పొకువా అక్క డూఫియేకి రొమ్ములో గడ్డ తీసేశారు. ఇప్పుడు కుమాసి పట్నం ఆసుపత్రిలో మందు ఎక్కిస్తున్నారు. వరస తప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బీమా కొంత భరిస్తుంది. మిగతాది కడితేనే మందుల కిటికీలోంచి సీసా బయటికి వస్తుంది. మొదట అక్క ఫ్రిజ్ అమ్మారు. తర్వాత పొకువా తన కుట్టుమిషన్లలో ఒకటి అమ్మింది. మళ్ళీ మందు రేపే. కుటుంబ పెద్ద అయిన మేనమామ బొవాచిని పోయిన నెల అడిగితే, "కుటుంబం పెట్టెలో ఏముంది తల్లీ, బొద్దింకలు తప్ప" అన్నాడు. ఇంకోసారి అడుగుదామని వచ్చింది.

అరుగు మీద బొవాచి, రంగులేసే క్వాటెంగ్ ఎదురెదురుగా కూర్చుని ఒకే గిన్నెలో ఫుఫు ముద్దలు సూప్‌లో ముంచుకుని తింటున్నారు.

"రా రా, వేళకొచ్చావు. చెయ్యి కడుక్కో" అన్నాడు బొవాచి.

"ఆకలి లేదు మామయ్యా. ఇల్లు బాగుంది."

"ఆఁ. వానలొస్తున్నాయి కదా, గోడలు పాడైపోతాయని."

"వానలు ప్రతి ఏడూ వస్తాయి."

క్వాటెంగ్ తల గిన్నెలోకి ఇంకాస్త వంచాడు.

"అక్కెలా ఉంది?"

"పొద్దున సూప్ తాగింది, కక్కలేదు. రేపు మందు."

"దేవుడు చూస్తాడు."

"దేవుడు చూస్తాడు మామయ్యా. మందుల కిటికీలో కూర్చున్నావిడ మాత్రం డబ్బు చూస్తుంది."

"నీదీ మీ అమ్మ నోరేనే!"

"పెట్టెలో బొద్దింకలే ఉన్నాయన్నావు. వాటిని అమ్మి కొన్నావా రంగు?"

క్వాటెంగ్‌కి పొలమారింది. బొవాచి వాడి వీపు మీద అవసరమైనదానికంటే గట్టిగానే చరిచాడు.

గోడ వారన మూత తీయని రంగు డబ్బాలు వరసగా ఉన్నాయి. పొకువా వాటి వైపు చూసింది.

"ఇవెప్పుడు వేస్తారు?"

"శుక్రవారానికల్లా అయిపోవాలి."

"ఎందుకంత తొందర?"

బొవాచి నోరు తెరిచి మూశాడు. జవాబు ముగ్గురికీ తెలుసు. కానీ బతికున్న మనిషి గురించి ఆ మాట పైకి అంటే, అన్నవాడే ఆ మనిషిని సాగనంపినట్టు. కుటుంబ పెద్ద నోట అసలే రాకూడదు. పొకువా ఎదురుచూసింది. ఆమెకు కోపం లేదు. బట్టల కొట్లో చిల్లర కోసం నిలబడినట్టు నిలబడింది.

"తొందరేం లేదు" అన్నాడు చివరికి.

"అయితే ఇవి ఆగొచ్చు. నేను తీసుకెళ్తున్నాను."

"ఊళ్ళో వాళ్ళేమనుకుంటారే? సగం గోడ!"

"వానలొచ్చాయని చెప్పు."

బొవాచి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి లోపలికి వెళ్ళిపోయాడు. క్వాటెంగ్ టాక్సీని కేకేసి డబ్బాలు ఎక్కించాడు. "మూత తీసింది వదిలెయ్ అక్కా, కొట్లో వెనక్కి తీసుకోరు. నా కూలి సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు మెల్లగా.

టాక్సీ కదలబోతుంటే బొవాచి బయటికొచ్చి ఇంకో చిన్న డబ్బా ఆమె ఒళ్ళో పెట్టాడు. తెల్లరంగు.

"కిటికీలకని మంచం కింద దాచాను" అన్నాడు, ఎటో చూస్తూ.

రంగుల కొట్టు ఆంటీ సెర్వా డబ్బాలను చూసింది, పొకువాను చూసింది. ఏ ఇంటికి రంగు ఎందుకు కొంటారో ఆమెకూ తెలుసు. మూతలకు మన్ను అంటిందని, తెల్లడబ్బా అంచు కారుతోందని కాస్త తగ్గించుకుని మిగతా డబ్బు చేతిలో పెట్టింది.

మర్నాడు సీసా బయటికి వచ్చింది.

డూఫియే కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. చేతికి సూది. పొకువా పక్కన బల్ల మీద కూర్చుని ఎవరో చావింటికి వేసుకెళ్ళడానికి కుట్టమన్న నల్లగౌను అంచు కుడుతోంది. నర్సు ఆ నల్లబట్ట చూసి మొహం చిట్లించింది. ఆ కుట్టుకూలితోనే అక్కకు సూప్ వస్తోంది.

"నీ దగ్గర రంగు వాసనేంటే?" అంది డూఫియే. మందు మొదలైనప్పటి నుంచి ఆమె ముక్కు కుక్క ముక్కులా తయారైంది.

పొకువా తన పావడా చూసుకుంది. ఒళ్ళో డబ్బా పెట్టుకున్న చోట తెల్లమరక.

"ఇంటికెళ్ళొచ్చాను."

డూఫియే ఆ మరకను గోటితో గీకి చూసింది. ఆమె పుట్టిందీ ఆ ఊళ్ళోనే.

"ఏ రంగు?"

"పసుపు. మామిడిపండు పసుపు."

"ఛీ! ముసలాడికి కళ్ళు పోయాయా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా, నీలం."

"సగమే వేశారు."

"మిగతా సగమేదీ?"

పొకువా సూదితోనే పైకి చూపించింది. డూఫియే తలెత్తి, వేలాడుతున్న సీసా చూసింది.

"ఇది ఎర్రగా ఉందే" అని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. నర్సు వెనక్కి తిరిగి చూసింది. పొకువా కూడా నవ్వాలనుకుంది. పెదాలు కదిలాయి, అంతే.

"నీ వాటా కూడా నేనే నవ్వాలా?" అంది డూఫియే. గౌను అంచు తనవైపు లాక్కుని వేళ్ళతో తడిమింది. "ఇక్కడ వంకర పోయింది. విప్పు. నేను నేర్పింది ఇదేనా?"

పొకువా విప్పసాగింది.

"వచ్చేసారి ఏం చేస్తావు?" కళ్ళు మూసుకుని అడిగింది డూఫియే.

"చూద్దాం."

"ఆ ఇంటి మీద కొత్త రేకులున్నాయి. పీక్కొచ్చెయ్."

పొకువా నవ్వలేదు. దారం కొస పంటితో తెంపి, ఆ రేకులను మేకులతో కొట్టారో, బోల్టులతో బిగించారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూ కూర్చుంది.