పక్కింటి వాసన

క్లాజెట్ తలుపు ఒక రెక్క మాత్రమే జరిపి, చీకట్లో తలకిందులుగా వేలాడుతున్న కొమ్మల్లోంచి ఒక చిన్న రెమ్మని పట్టుకుని వంచి చూసింది వసంతలక్ష్మి. మొన్నటిదాకా తడి దారంలా వంగిపోయిన రెమ్మ ఇవాళ పుటుక్కున విరిగింది. ఎండిందన్నమాట. ఇక కిందికి దింపి, ఆకులు కత్తిరించి, సీసాల్లోకి ఎత్తుకోవాలి.

చీరలు పెట్టుకునే క్లాజెట్ అది. చీరలన్నీ అట్టపెట్టెల్లో సర్ది మంచం కిందికి తోసి, అదే కడ్డీకి, అవే హ్యాంగర్లకి, బట్టల క్లిప్పులతో కొమ్మల్ని తగిలించింది. గాలి నేరుగా తగలకూడదని చిన్న ఫ్యాను మొహం గోడవైపు తిప్పి పెట్టింది. తలుపు కింద సందులో పాత తువ్వాలు కుక్కింది. ఎన్ని చేసినా వాసన ఆగలేదు. పచ్చి మామిడి జీడి, తడిసిన కుక్క, కిరసనాయిలు కలిపి మరిగించినట్టుండేది ఆ వాసన. పోపు పెట్టినా, అగరొత్తులు వెలిగించినా దాని కిందే అణిగిపోయేవి.

వాసనకంటే దాని పేరంటే ఆమెకి ఎక్కువ భయం. ఏలూరులో ఆమె పెరిగిన వీధిలో గంజాయి అన్న మాట ఎవరూ పైకి అనేవారు కాదు. ఇల్లూ వాకిలీ వదిలేసి తిరిగేవాళ్ల ప్రస్తావన వస్తే, గొంతు తగ్గించి, పిల్లలు లేకుండా చూసుకుని అనేవారు. అలాంటిదాన్ని యాభై దాటాక సన్నీవేల్‌లో, అద్దె ఇంటి పెరట్లో, చేతులారా నీళ్లు పోసి పెంచింది. ఇప్పటికీ పేరు పెట్టి పిలవదు. "అది" అంటుంది. వేసవిలో పెరట్లోకి తొంగిచూసినవాళ్లకి మాత్రం "గోంగూరండీ" అని చెప్పింది. ఆకు అచ్చం అలాగే ఉండడంతో ఎవరూ రెండోసారి అడగలేదు. ఒకావిడయితే పచ్చడికి రెండు కట్టలు ఇమ్మంది కూడా.

ఆ సంగతి చెప్తే భర్త రాఘవులు పక్కటెముకలు పట్టుకుని నవ్వాడు. "ఇచ్చుండాల్సిందే! ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయేవారు."

నవ్వితే నొప్పి వస్తుందని తెలిసినా నవ్వే మనిషి. శాన్‌హోసేలో ఒక గోదాములో ఎలక్ట్రానిక్ భాగాలు పెట్టెల్లో సర్దే పని అతనిది. వసంతలక్ష్మి అన్నయ్య స్పాన్సర్ చేస్తే ఇద్దరూ ఈ దేశం వచ్చారు. పిల్లలు లేరు. ఆ అన్నయ్య కూడా పోయాడు. అతను పెట్టెలు మోశాడు, ఆమె బట్టలు కుట్టింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లు పట్టుచీరలకి ఫాల్సు, పీకో, లైనింగు బ్లౌజులు ఆమె చేతనే కుట్టించుకునేవారు. మిషన్ మీద వంగి వంగి ఆమె ఎడమ భుజం కుడి భుజంకన్నా కిందికి జారింది. చూపుడువేలి కొసన సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం గింజలా గట్టిపడింది. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా ఆమె కుట్టిన బ్లౌజు ఒకటైనా అక్కడ ఉండేది. ఆమెని పిలిచినవి తక్కువ. పిలవలేదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడాది, అంటే 2009లో, ఉగాది వెళ్లాక రాఘవులుకి కడుపులో క్యాన్సర్ బయటపడింది. కీమో మొదలయ్యాక మెతుకు లోపల నిలవలేదు. వాంతులు తగ్గడానికి, ఆకలి పుట్టడానికి ఇది పనికొస్తుందని, కాలిఫోర్నియాలో రోగులకి దీనికి అనుమతి ఉందని డాక్టరమ్మ చెప్పింది. వసంతలక్ష్మి తల దించుకుని కూర్చుంది. రాఘవులే అడిగాడు, "మందే కదండీ?" అని. ఆ మాట విన్న పక్క వాటా గ్లోరియా మర్నాడే పెరుగు డబ్బాల్లో రెండు మొక్కలు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

గ్లోరియా డెబ్బై దాటిన మెక్సికన్ ఆవిడ. ఈ ఊరంతా ఆప్రికాట్ తోటలుగా ఉన్న రోజుల్లో పళ్ల క్యానరీలో పనిచేసింది. భర్త పోయాక ఆ వాటాలో ఒంటరిగా ఉంటోంది. వేళ్ల కణుపులు వాచి, చెయ్యి పూర్తిగా మూసుకోదు. అయినా కొమ్మలు ఎండిన ఆ శనివారం పొద్దున్నే కత్తెర, పళ్లెం పట్టుకుని వచ్చేసింది.

డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచారు. ఇద్దరూ చేతి తొడుగులు వేసుకున్నారు. ఇద్దరికీ ఉన్నది కాస్తంత ఇంగ్లీషే, అయినా ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది.

"పెద్దాకులు అయిపోయాయి. ఇప్పుడు మొగ్గలోంచి పొడుచుకొచ్చిన చిన్నాకులు. కొస మాత్రమే. మొగ్గని నలపకు, లక్ష్మీ."

దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో మొదలుపెట్టింది వసంతలక్ష్మి. నాలుగు మొగ్గలయ్యేసరికి కత్తెర నోరు జిగురు పట్టి మూసుకుపోయింది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి మళ్లీ పట్టుకుంది. కాసేపటికి చెయ్యి లయలో పడింది. అంచు కుడుతున్నంత ఒద్దికగా మొగ్గని తిప్పుతూ, ఆకు కొసలు తీస్తూ, పళ్లెంలో వరసగా పేరుస్తోంది. అందంగా వస్తున్నాయని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే చెవులు వేడెక్కాయి.

"స్టవ్ మీద సూపు ఉంది, చూసొస్తాను" అని గ్లోరియా లేచి వెళ్లింది. ఆమె వెళ్లిన కాసేపటికే బెల్లు మోగింది.

గ్లోరియానే అనుకుని తలుపు తీసింది. ఎదురుగా జ్ఞానప్రసూన. రెండు వాటాల ఆ డ్యూప్లెక్స్ ఇంటి యజమాని చక్రధర్ భార్య. రేపు వస్తానన్న మనిషి.

"సారీ అక్కా, కాల్ చేయకుండా వచ్చేశా. మా అమ్మాయి అనిక డాన్స్ క్లాస్ ఇటే కదా, డ్రాప్ చేసి వస్తున్నా. బ్లౌజులు రెడీనా?"

వసంతలక్ష్మి వెనక్కి పరిగెత్తి, సోఫా మీద దుప్పటి లాగి టేబుల్ మీద కప్పింది. తొడుగులు తీసి కొంగులో దాచింది. జ్ఞానప్రసూన అప్పటికే హాల్లోకి వచ్చి, కుట్టిన బ్లౌజు చేతిలోకి తీసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, ఏంటీ స్మెల్? ఇది మారిజువానా కదా?"

మా ఆయనకి మందండీ, డాక్టరు చెప్పింది. ఆ రెండు ముక్కలు వసంతలక్ష్మి నాలుక మీదికి వచ్చాయి. పెదవి దాటేసరికి వేరే మాటలయ్యాయి.

"పక్కావిడండీ. గ్లోరియా. ఏం చెప్పమంటారు, గోడలోంచి వచ్చేస్తోంది."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "మేం కిటికీలు కూడా తీయడం లేదు. ఎవరెవరో వస్తుంటారు, పోతుంటారు. పెద్దావిడ కదా, ఏమంటాం?"

అంటున్నది తన గొంతేనని ఆమెకి తెలుస్తూనే ఉంది. దుప్పటి అంచు కిందనుంచి ఒక ఆకు బయటికి కనిపిస్తోంది. జ్ఞానప్రసూన చూపు అటువైపు ఒకసారి వెళ్లి తిరిగొచ్చింది.

"చక్రధర్‌తో మాట్లాడతాను. మీరు వర్రీ అవకండి అక్కా. పేషెంట్ ఉన్న ఇల్లు ఇది." బ్లౌజులు మాత్రం తీసుకోలేదు. "ఒకసారి వాష్ చేసి ఉంచండి. అరంగేట్రం కదా, గ్రీన్‌రూమ్‌లో అందరూ ఉంటారు."

కారు వెళ్లిపోయిన చప్పుడయ్యాక పడగ్గదిలోంచి రాఘవులు పిలిచాడు.

"వసంతా."

వెళ్లి గుమ్మంలో నిలబడింది. అతను దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మెడ కింద ఎముకల దగ్గర గిన్నెల్లా గుంటలు పడ్డాయి.

"మందని చెప్తే ఏమయ్యేదే?"

"ఏమయ్యేదా? మళ్లీ ఎవరన్నా నాకు బట్ట ఇస్తారా? గంజాయి ఇంట్లో కుట్టిన రవిక వేసుకుని గుడికెళ్తారా?"

ఆ పేరు ఆమె నోటివెంట రావడం అదే మొదటిసారి. అన్నాక, అతని మొహంకేసి చూసింది. ఆ ఇల్లు గంజాయి ఇల్లయింది తన కడుపులో జబ్బు వల్లేనన్నట్టు అతను దుప్పటి మీదున్న చేతుల్ని కిందికి లాక్కున్నాడు.

"మిమ్మల్ని కాదండీ అన్నది."

"తెలుసు. వెళ్లి గ్లోరియాకి చెప్పు. ఓనరు కంటే ముందు నువ్వు చెప్పు."

"చెప్తాలెండి."

చెప్పలేదు. బ్లౌజులు తీసుకెళ్లి పెరట్లో గాలికి ఆరేసింది. దుప్పటి తీసి, మళ్లీ కప్పి, మళ్లీ తీసింది. గ్లోరియా గుమ్మందాకా వెళ్లి, లోపల ఫోను మోగుతుంటే విని, వెనక్కి వచ్చేసింది.

కాసేపటికి గ్లోరియానే వచ్చింది. తొడుగులు వేసుకోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఓనర్ ఫోన్ చేశాడు. వాసన నీ ఇంట్లోంచేనా అని అడిగాడు. నాదే అని చెప్పాను."

"గ్లోరియా, సారీ..." ఆలస్యంగా కుట్టిన బ్లౌజులకి కూడా అదే మాట చెప్తుంది వసంతలక్ష్మి. ఇంకో మాట ఆమెకి ఇంగ్లీషులో తెలియదు.

"నీ కోసం చెప్పలేదు." గ్లోరియా గొంతు పెంచలేదు. "లోపల పడుకున్న మనిషి కోసం చెప్పాను. ఇప్పుడు ఖాళీ చేయమంటే అతన్ని ఎక్కడికి మోసుకెళ్తావు?"

తర్వాత లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్లెం దగ్గరికి జరుపుకుని, కత్తెర తీసుకుని, మిగిలిన కొమ్మ అందుకుంది. "ఇలా వదిలేస్తే బూజు పడుతుంది" అంది, ఎవరికో చెప్తున్నట్టు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చివరి మొగ్గదాకా కత్తిరించారు. గ్లోరియా వాచిన వేళ్లు ఒక్కోసారి ఆగిపోయేవి. విదిలించుకుని మళ్లీ మొదలుపెట్టేది. నేను చేస్తాను ఇవ్వు అనడానికి వసంతలక్ష్మికి నోరు రాలేదు. మొగ్గల్ని ఆవకాయ సీసాల్లోకి ఎత్తి, రోజూ ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వమని చెప్పి, తన కత్తెర తుడుచుకుని గ్లోరియా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం, కత్తిరించిన ఆకు కొసలు వేసి కాచిన నెయ్యి అర చెంచా చారన్నంలో కలిపి తీసుకెళ్తే రాఘవులు గిన్నె పక్కకి జరిపాడు.

"ఇవాళొద్దు."

"ఒక్క ముద్ద."

"ఇవాళ మింగుడు పడదే."

మర్నాడు తిన్నాడు. ఆ తర్వాతా తిన్నాడు. కాని ఆ రోజు నుంచి అతను గోంగూర మాట ఎత్తి నవ్వలేదు.

ఇల్లు ఖాళీ చేయడానికి గ్లోరియాకి నవంబరు మధ్యదాకా గడువిచ్చారు. ఎవరో చుట్టాలబ్బాయి ట్రక్కు తెచ్చాడు. వసంతలక్ష్మి కిటికీ పరదా సందులోంచి చూస్తూ నిలబడింది. మంచం వెళ్లింది. మిరప మొక్కల కుండీలు వెళ్లాయి. గోడకి తగిలించే మేరీమాత పటాన్ని గ్లోరియా ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. గబగబా పది అడుగులు వేస్తే ఆ ట్రక్కు తలుపు అందేది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు రాఘవులు లోపల్నుంచి.

"చెత్త బండి" అంది.

అతను అటు తిరిగి పడుకున్నాడు.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఒక లంగా అంచు కుడుతోంది. మిషన్ ఆగినప్పుడల్లా లోపల్నుంచి "అయిందా?" అనడం అతని అలవాటు. ఆ మధ్యాహ్నం ఆమె అంచు పూర్తిచేసింది, దారం తెంపింది, బట్ట మడత పెట్టింది. లోపల్నుంచి మాట రాలేదు. లేచి వెళ్లేటప్పటికే ఆమెకి తెలిసిపోయింది. అతను కిటికీ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కర్మకాండ అయ్యాక జ్ఞానప్రసూన వంట చేసి తీసుకొచ్చింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. వసంతలక్ష్మి ఉండబట్టలేక, ఏడుపు గొంతుతోనే, అంతా చెప్పేసింది. మొక్కలు తమవేనని, కత్తిరించింది తనేనని, గ్లోరియాకి ఏ పాపం తెలియదని.

జ్ఞానప్రసూన చెయ్యి ఆగలేదు. "నాకు ఆ రోజే తెలుసక్కా. టేబుల్ మీద కనిపించింది కదా."

వసంతలక్ష్మి తలెత్తి చూసింది.

"చక్రధర్‌కీ తెలుసు. ఆవిడ ఎప్పటినుంచో పాత రెంట్ మీద ఉంటోంది, ఎలా ఖాళీ చేయించాలా అని చూస్తున్నాం. మీరేం గిల్టీగా ఫీలవకండి. పాపం, మీ కష్టంలో మీరున్నారు." క్యారేజీ గిన్నెలు విప్పుతూ, "పప్పు వేడిగా ఉంది, రెండు ముద్దలు తినండి" అంది.

వసంతలక్ష్మి తింది. ఏం చేయాలో తెలియక తింది. గ్లోరియా ఎక్కడికి వెళ్లిందో జ్ఞానప్రసూనకి తెలియదు. పాత నంబరుకి ఫోన్ చేస్తే, ఈ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది.

జనవరిలో మళ్లీ బట్టలు రావడం మొదలైంది. పక్క వాటాలోకి ఉమాకాంత్ అని ఒక కుర్ర ఇంజనీరు, భార్య వచ్చారు. మంచివాళ్లు, కనిపిస్తే నమస్కారం పెట్టేవారు. ఒక పొద్దున మిషన్ వెనక కొక్కెం మీద పేరుకుపోయిన పాత పని ఖాళీ చేస్తుంటే, అన్నిటి అడుగున ముదురు నీలం ఉన్ని కోటు చేతికి తగిలింది. చలికాలం చర్చికి వేసుకోవడానికి చేతులు పొట్టి చేసిపెట్టమని సెప్టెంబరులో గ్లోరియా ఇచ్చినది. ఆసుపత్రి హడావుడిలో మర్చేపోయింది.

కోటుని వెలుగులోకి తెచ్చి, భుజాల మీద దుమ్ము దులిపి, హ్యాంగర్‌కి తగిలించింది. ఎడమ చెయ్యి కుట్టడం అప్పట్లోనే అయిపోయింది. కుడిచేతి అంచుకి, గ్లోరియా మణికట్టు దగ్గర కొలిచి గుచ్చిన గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి.