పదకొండో పేజీ

ఆ మూడు వాక్యాలు రాయడానికి రూపకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. టీ చల్లారిపోతోందని తొందర తొందరగా రాసేసింది.

శాలిబండ పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే గల్లీలో ఆమె దుకాణం. ఒకప్పుడు అది ఉత్త జిరాక్స్ సెంటరు. అన్ని కాగితాలూ ఫోన్లలోకి వెళ్లిపోయాక గిరాకీ పడిపోయింది. నాలుగేళ్ల కింద రాశుల గిఫ్టులు పెట్టింది. మేషం నుంచి మీనం దాకా కప్పులు, లాకెట్లు, కీచైన్లు, గడియారాలు, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఇత్తడి బొమ్మలు అద్దాల బీరువాల్లో వరసగా ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయేది మాత్రం పేరు వేసిన పుస్తకం. పేరు, పుట్టిన నక్షత్రం చెబితే గంటలో ముప్ఫై రెండు పేజీల పుస్తకం చేతికిచ్చేది. అట్ట మీద ఆ మనిషి పేరు, బంగారు రంగులో రాశి బొమ్మ, దాని కింద 'శ్రీ కాలనేత్ర సిద్ధాంతి గారి గణితము' అని ఉండేది. ఆ పేరుగల సిద్ధాంతి ఈ భూమ్మీద లేడు. రాసేది రూపే.

ఆమె తండ్రి సీమోను ముప్ఫై ఏళ్లు ఒక ప్రెస్సులో పంచాంగాలకు సీసం అక్షరాలు పేర్చాడు. ఆ భాష చిన్నప్పుడే ఆమె చెవిలో పడింది. ఆదివారం చర్చికి వెళ్లేది, సోమవారం నుంచి గ్రహాలను తనకు నచ్చిన ఇంట్లో కూర్చోబెట్టేది. తప్పు చేస్తున్నానని ఎన్నడూ అనిపించలేదు. నలుగురికి సంతోషం కలిగే మాటలే కదా అనుకునేది. అయితే అన్నీ తీపి మాటలే ఉంటే జనం నమ్మరని కూడా ఆమెకు తెలుసు. అందుకని ప్రతి పుస్తకంలోనూ ఒకటి రెండు చోట్ల కాస్త గుబులు పుట్టించే మాట కలిపేది.

కార్తీకంలో ఒక సాయంత్రం ప్రేమ్‌రాజ్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. బండ్ల మెకానిక్కు. చేతులు ఎంత కడుక్కున్నా గోళ్లలో నలుపు పోలేదు. సిగ్గుపడుతూ నవ్వాడు.

"మా ఇంట్లామె పుట్టినరోజు అక్కా. పేరు స్రవ్య. జ్యేష్ఠా నక్షత్రం, వృశ్చిక రాశి. జర మంచిగ రాయించు."

తేలు బొమ్మ లాకెట్టు ఒకటి, కప్పు ఒకటి ఏరుకుని, పుస్తకం కోసం గంటసేపు స్టూలు మీద ఓపిగ్గా కూర్చున్నాడు. పదకొండో పేజీ దగ్గర రూపకు మాటలు అందలేదు. టీ వంక చూసి, ఇలా కొట్టేసింది: 'వృశ్చిక రాశి స్త్రీ గుండెలో ఒక రహస్యపు గది ఉండును. దాని తాళము భర్తకు సైతము చిక్కదు. మాఘము దాటిన పిమ్మట పాత పరిచయమొకటి మరల తలుపు తట్టును.'

ప్రేమ్‌రాజ్ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

మాఘం దాటి పది రోజులైంది. మధ్యాహ్నం రెండింటికి ఎండ గల్లీని ఖాళీ చేసేసింది. పక్క దుకాణంలో ఖైసర్ బేగం బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క గాజులు వత్తుకుంటోంది. అరవై దాటిన మనిషి. ఆ వేడికి ఆమె మొహం ఎప్పుడూ ఎర్రగా ఉండేది.

రూప అన్నం డబ్బా మూత తీస్తుండగా గడపలో ఒక ఆడమనిషి నిలబడింది. పై పెదవి చీలి వాచిపోయింది. ఎడమ చెయ్యిని చున్నీలో వేసి మెడకు కట్టుకుంది. మోచేతి కింద ఎముక ఉండాల్సిన తీరులో లేదు. కుడి చేతిలో ఆ పుస్తకం ఉంది. అట్ట మీద 'స్రవ్య' అన్న పేరు మీద రక్తం ఎండి నల్లబడింది.

"గీ పదకొండో పేజీ రాసిన పంతులు ఏడుంటడు అక్కా?" అని అడిగింది.

రూప ఆమెను లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు తాగిస్తే గుక్కతో పాటు రక్తం కూడా గ్లాసులోకి దిగింది.

స్రవ్య ఏడవకుండా చెప్పింది. పుట్టినరోజు నాడు ఇద్దరూ కలిసి ఆ పుస్తకం చదివి నవ్వుకున్నారు. పదకొండో పేజీ దగ్గర అతను మాత్రం నవ్వలేదు. మర్నాటి నుంచి ఆ గదిలో ఎవడున్నాడని అడగడం మొదలుపెట్టాడు. మొదట పరాచికంగా అడిగాడు. తర్వాత చెంపల మీద కొడుతూ అడిగాడు. మాఘమంతా పనికి సరిగ్గా వెళ్లకుండా ఇంటి ముందు బండి మీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉన్నాడు.

"మొన్న కరెంటు మీటరు చూస్తానికి డానియేలు వచ్చిండు. మేమిద్దరం పదో తరగతి దాక ఒక్కటే బడి. 'అరె స్రవ్యా, నువ్విక్కడున్నవా?' అన్నడు. గంతే అక్కా. తలుపు తట్టి గా ఒక్క మాట అన్నడు."

ప్రేమ్‌రాజ్ ఆ కుర్రాణ్ని గల్లీ మొగలో పట్టుకున్నాడు. చక్రాలు విప్పే పొడుగాటి పానాతో తల మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా ఆపలేదు. జనం గుంజేసరికి డానియేలు చెవిలోంచి రక్తం కారుతోంది. అతన్ని ఆటోలో వేసుకుని పోతున్న గడబిడలో ప్రేమ్‌రాజ్ తప్పించుకున్నాడు. ఇవాళ పొద్దున గోడ దూకి ఇంటికొచ్చి, పెళ్లాం చేతిని గడప మీద పెట్టి కాలితో తొక్కి విరిచాడు. మళ్లీ ఆ గదిలో ఉన్నదెవరని అడిగాడు. అతను మొహం కడుక్కోవడానికి వెనక్కి వెళ్లినప్పుడు ఆమె పారిపోయి వచ్చింది.

"గా పంతులును అడగాలె. నా పేరు మీద గట్ల ఎందుకు రాసిండు? నా గుండెల ఏముందో ఆయనకెట్ల ఎర్క?"

నేనే రాశానని రూప చెప్పలేదు. "ముందు దవాఖానకు పోదాం పా" అంది.

లేచేలోపు గల్లీలో బండి ఆగిన చప్పుడైంది. స్రవ్య ఆ ఇంజను చప్పుడును గుర్తుపట్టింది. కుర్చీలోంచి జారి, జిరాక్స్ మిషను వెనక ముడుచుకుపోయింది.

ప్రేమ్‌రాజ్ లోపలికి వచ్చాడు. మూడు నెలల కింద స్టూలు మీద కూర్చున్న మనిషి ఇతనేనని నమ్మడం కష్టం. చొక్కా మీద మరకలు, చేతిలో పానా, కళ్లలో నిద్రలేని ఎరుపు.

"వచ్చింది కదా ఈడికి? గా సిద్ధాంతి కాడికి తోలినవా? గా గదిల ఉన్నోని పేరు కూడ చెప్తడట కదా, పూరా లెక్క చూస్తే. ఒక్కడేనా, ఇంకెవడన్న ఉన్నడా? అడ్రస్ చెప్పు."

"సిద్ధాంతి లేడు తమ్మీ" అంది రూప. ఈసారి దాచలేదు. "గా మాటలు నేనే రాసిన. నా తండ్రి తోడు. పేజీ నింపాలని రాసిన. నీ పెండ్లాం గురించి నాకేం ఎర్క లేదు. నక్షత్రాల గురించి కూడ ఎర్క లేదు."

అతను తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం. దాన్ని కాపాడనీకి అబద్ధమాడుతున్నవ్. నువ్వు రాస్తే గా మాట నిజమెట్లయితది? మాఘం దాటినంక వస్తడని రాస్తే, మాఘం దాటినంకనే వచ్చిండు కదా!"

పానా మొదటి దెబ్బకు అద్దాల బీరువా పగిలిపోయింది. సింహాలు, ఎండ్రకాయలు, చేపల బొమ్మల కప్పులు గాజు పెంకులతో కలిసి నేల మీద కుప్పగా పడ్డాయి. రెండో దెబ్బకు కంప్యూటరు ఒరిగిపోయింది. రూప అడ్డం వెళ్లి కుడి చెయ్యి ఎత్తింది. పానా ఆ చేతి మీద పడింది. మధ్యవేలు, ఉంగరపు వేలు విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. నొప్పి భుజం దాకా పాకేలోపే అతను ఆమెను గోడకు తోసేసి, మిషను వెనక్కి వెళ్లి స్రవ్యను జుట్టు పట్టి లాగాడు. విరిగిన చెయ్యి మిషను అంచుకు తగిలి స్రవ్య పెట్టిన కేకకు గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి.

గాజు పెంకుల మీద ఆమెను ఈడ్చుకుంటూ గడప దాకా తెచ్చాడు. అక్కడ ఖైసర్ బేగం నిలబడి ఉంది. చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర కుంపటి మీంచి అప్పుడే తీసిన ఎర్రటి లక్క ముద్ద.

"ఛోడ్ ఉసే" అంది. "ఇడ్సిపెడ్తవా లేదా, హరామీ?"

అతను పానా ఎత్తాడు. ఆ ముసలామె వెనక్కి తగ్గలేదు. కాలుతున్న లక్కను అతని చెంప మీద, చెవి మీద అదిమిపెట్టింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అతను అరుస్తూ జుట్టు వదిలి మొహం పట్టుకున్నాడు. లక్క అతని వేళ్లకు కూడా అంటుకుంది.

అప్పుడు రూప ఎడమ చేతికి ఒక ఇత్తడి తేలు దొరికింది. అరకిలో బరువుంటుంది. దానితో అతని నెత్తి మీద కొట్టింది. అతను మోకాళ్ల మీద పడ్డాడు. మళ్లీ కొట్టింది. పడిపోయాడు. అక్కడితో ఆపొచ్చు. పానా అతని చేతిలోంచి జారి గడప ముందున్న మురుగు మోరీలో పడిపోయింది కూడా. ఆమె ఆపలేదు. అతని పక్కన కూర్చుని దవడ మీద, నోటి మీద, కంటి మీద కొట్టింది. తేలు తోక ఎడమ కంట్లో దిగింది. "నేనే రాసిన అన్న కదా! నేనే రాసిన అన్న కదా!" అని ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్కసారి అరిచింది. ఎదురింటి మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు కానీ దగ్గరికి రావడానికి భయపడ్డారు.

ఖైసర్ బేగం వెనక నుంచి ఆమె నడుమును చుట్టేసి పట్టుకుంది. "బస్ బేటీ, బస్! సచ్చిపోతడు. నక్కో మార్. బస్."

రూప చేతిలోని తేలు వైపు చూసింది. వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వేళ్లు విప్పి దాన్ని వదిలేసింది.

ప్రేమ్‌రాజ్ చావలేదు. ఎడమ కన్ను పోయింది, దవడకు తీగలు వేశారు. ఆసుపత్రి నుంచే జైలుకు తీసుకెళ్లారు. స్రవ్య చేతికి కట్టు వేసి, మాదన్నపేటలో ఉన్న ఆమె పెద్దమ్మ సుందరమ్మకు అప్పగించారు. వెళ్లేముందు స్రవ్యకు రూప ఆ నిజం మళ్లీ చెప్పింది. "పుస్తకం లేకున్నా ఇంకేదన్న దొరుకుతుండె ఆయనకు" అంది స్రవ్య. ఆ తర్వాత ఆమె రూపతో మాట్లాడలేదు.

పోలీస్ స్టేషన్‌లో కూడా రూప అంతా చెప్పింది. లేని సిద్ధాంతి పేరు వేసినట్టు, పదకొండో పేజీలో ఏం రాసిందో, ఎందుకు రాసిందో ఒక్కటీ దాచలేదు. ఎస్సై మొదట ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వాడు.

"పుస్తకం రాసుడు కేసెట్లయితదమ్మా? వాడు దుకాణంల జొరబడి కొట్టిండు, నువ్వు పానం కాపాడుకోనీకి తిప్పి కొట్టినవ్. గంతే రాస్త. ఇంటికి పోయి చెయ్యి చూపించుకో."

అందరూ ఆమెను పొగిడారు. శాలిబండలో ఆడవాళ్లు దుకాణం ముందు ఆగి మరీ శభాష్ అన్నారు. ఆ పొగడ్తలు మొదలవగానే రూప లోపలికి వెళ్లిపోయేది. తను ఆఖరి దెబ్బలు ఎందుకు కొట్టిందో ఆమెకు తెలుసు. అప్పటికి స్రవ్య అతని చేతుల్లో లేదు. తన రాతను తనకన్నా ఎక్కువ నమ్మిన మొహాన్ని రూపు లేకుండా చెయ్యాలనిపించింది. అందుకు కొట్టింది.

డానియేలుకు దెబ్బలు తగిలిన తొమ్మిదో రోజు రూప అతను ఉన్న ఆసుపత్రికి వెళ్లింది. తల గాయాల వార్డు. ఇనుప మంచాల మధ్య నడవడానికే జాగా లేదు. డానియేలు తలకు కట్టు, ముక్కులో ఆక్సిజన్ గొట్టం. ఒక కన్ను తెరిచి ఉన్నా ఎటు చూస్తున్నాడో తెలియదు. కుడి పక్క కాలూ చెయ్యీ కదలడం లేదు. మంచం పక్కన నేల మీద అతని తల్లి ఆగమ్మ కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నలభై ఏళ్లు ఇళ్లలో పనిచేసి చేతులు బండబారిపోయాయి.

రూప నిలబడే చెప్పింది. తను ఎవరో, పుస్తకంలో ఏముందో, ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పింది. ఆగమ్మ మధ్యలో ఆపకుండా వింది.

"మల్ల చెప్పు" అంది. "మాఘం దాటినంక ఏమైతదని రాసినవ్?"

రూప మళ్లీ చెప్పింది.

ఆగమ్మ లేచింది. చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కొట్టింది. రూప కట్టు కట్టిన చేతిని కూడా అడ్డం పెట్టలేదు. ఆగమ్మ ఆమె కొప్పు పట్టుకుని మంచం ఇనుప కడ్డీకేసి కొట్టింది. రూప నుదురు చిట్లి, రక్తం కనుబొమ్మ మీదుగా కారింది. పక్క మంచాలవాళ్లు "అయ్యో, ఆపుండ్రి" అన్నారు. నర్సు పరుగెత్తుకొచ్చింది. రూప గోడకు ఆనుకుని, "నాకేం కాలేదమ్మా, కొట్టనీయండి" అంది.

ఆగమ్మకు ఆయాసం వచ్చింది. చేతులను కొంగులో చుట్టుకుంది. "రోజుకు నాలుగు గల్లీలు తిరిగి మీటర్లు చూసేటోడు" అంది ఎవరితోనో అన్నట్టు. "కలిసి సదువుకున్న దోస్తు కనవడితే పలకరిచ్చిండు. పలకరిస్తే తప్పా?"

మంచం మీంచి చిన్న మూలుగు వినిపించింది. డానియేలు పెదవులు కదులుతున్నాయి. మాట రావడం లేదు కానీ దాహమని తల్లికి అర్థమైంది. ఆమె సీసా, చెంచా తీసుకుంది. మనిషిని కొంచెం లేపి పట్టుకోవాలి. బరువైన పిల్లవాడు. తొమ్మిది రోజులుగా ఆమె ఒక్కతే లేపుతోంది.

ఆగమ్మ రూప వైపు చూసింది.

"ఏం నిలవడ్డవ్?" అంది. "ఆ పక్కకు రా. మెడ కింద చెయ్యి పెట్టి లేపు. మెల్లగ. కట్టు కదలొద్దు."

రూప నుదుటి రక్తాన్ని భుజంతో తుడుచుకుంది. మంచానికి అటు పక్కకు వెళ్లి, మంచిగా ఉన్న ఎడమ చేతిని డానియేలు మెడ కిందికి పోనిచ్చింది. జ్వరానికి మెడ కాలిపోతోంది. ఆమె లేపి పట్టుకుంది. ఆగమ్మ ఒక్కొక్క చెంచా నీళ్లు కొడుకు నోట్లో పోసింది. సగం పక్కకు కారిపోయాయి, సగం లోపలికి వెళ్లాయి.

"రేపు ఎనిమిదింటికి రా" అంది ఆగమ్మ, చెంచా తుడుస్తూ. "గప్పుడే పక్క బట్టలు మారుస్తరు. ఒక్కదాన్ని నాతోని అయితలేదు."