కిటికీలకు టేపు

వెనక గది పైకప్పు నుంచి బూడిదరంగు పొడి రాలడం మొదలై ఆర్నెల్లయింది. ఆ గదిలోనే చిన్న కోడలి కుట్టు మిషను, దాని పక్కనే ఆమె మూడేళ్ళ కూతురి మంచం. పొద్దున లేచేసరికి పిల్ల దుప్పటి మీద సన్నగా పిండి జల్లినట్టు ఉండేది. మొదట్లో ఆమె దాన్ని చేత్తో దులిపేసేది. అది తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన చేతులంటే రోత.

ఇల్లు పాతది. పైన ఉన్నవి సిమెంటు రేకులేనని ఇంటిల్లిపాదీ అనేవారు. ఆమె పిలిపిస్తే పరీక్షాశాల నుంచి ఒకావిడ వచ్చి, చిన్న ముక్క పట్టుకెళ్ళి, వారం తర్వాత కాగితం తెచ్చి, అవి ఆస్‌బెస్టాస్ రేకులని తేల్చింది. కదపకుండా ఉంటే కొంత నయమే, విరిగితే మాత్రం కంటికి కనపడని పీచు గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఇక బయటికి రాదు, ఇరవై ముప్పై ఏళ్ళకి జబ్బై కూర్చోవచ్చు అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తీయించాలంటే ఒళ్ళంతా కప్పే సూట్లు వేసుకున్న కంపెనీ మనుషులు రావాలి. రేకుల్ని తడిపి, విరక్కుండా దించి, ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోవాలి. అందుకయ్యే ఖర్చు కాగితం అడుగున ఉంది. ఆ డబ్బుతో ఇంకో గది కట్టుకోవచ్చు.

ఆ అంకె చూసి బావగారు నవ్వాడు. ఆయన ఆమె భర్తకి అన్న, ఇంట్లో డబ్బు పెత్తనమంతా ఆయనదే. నవ్వుతూనే అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుని, ఆ పుల్లని తీసి అదే కాగితం మీద పెట్టాడు. ఆమె భర్త కూడా నవ్వాడు. ఆ మహానుభావుడి తలకి ఉన్న పనల్లా అన్న మాటకి ఊగడమే.

రెండు రోజుల తర్వాత బావగారు హుషారుగా వచ్చాడు. హార్డ్‌వేర్ కొట్టు ముందు పని కోసం నిలబడే మనిషొకడు దొరికాడు, కంపెనీ అడిగినదాంట్లో పదో వంతుకి ఒప్పుకున్నాడు, దాంట్లో కూడా తను బేరమాడి కొంత తగ్గించాడు. అంతా చెప్పి గొంతు తగ్గించాడు.

"వాడి దగ్గర ఆ కాగితం ఊసెత్తకమ్మాయ్. తెలిస్తే రాడు. వచ్చినా నెత్తెక్కి కూర్చుంటాడు. నీ పిల్ల మంచం మీద ఆ పొడి పడకూడదనేగా నీ గోల?"

ఆమె నోరు మెదపలేదు. మెదపకపోతే ఒప్పుకున్నట్టేనని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. పిల్ల మంచం ఒక్కటే కళ్ళ ముందు పెట్టుకుని, మిగతాదంతా చూడకుండా ఉండొచ్చనుకుంది.

పని రోజు తెల్లవారగానే పిల్లని తన అక్క ఇంటికి పంపించింది. దండెం మీద బట్టలన్నీ లోపలికి తెచ్చింది. నీళ్ళ తొట్టికి మూత పెట్టి, దాని మీద ప్లాస్టిక్ కప్పి తాడు కట్టింది. భర్త కుర్చీ ఎక్కి ప్రతి కిటికీ చుట్టూ వెడల్పు టేపు అంటించాడు. తలుపుల కింద తడిగుడ్డలు తోశారు. బావగారు మందుల షాపు నుంచి మంచి మాస్కులు మూడు కొనుక్కొచ్చాడు. ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే మరి. కాగితంలో రాసిన జాగ్రత్తలన్నీ పొల్లు పోకుండా చేశారు, తమ వరకు.

పనికొచ్చినవాడు బాగా పొడుగు. అందరూ తనని పొడుగాయన అనే పిలుస్తారని తనే చెప్పుకుని నవ్వాడు. చేతిరుమాలు తలకి కట్టుకున్నాడు, చెమట కళ్ళలోకి కారకుండా. ముక్కుకి ఏమీ లేదు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. బోల్టులకి నూనె వేసి, ఒక్కొక్కటే విప్పి, మొదటి రెండు రేకుల్నీ చిన్న పెచ్చు కూడా ఊడకుండా దించి గోడకి ఆనించాడు. కిటికీ అద్దం వెనక నుంచి చూస్తున్న ఆమెకి కాస్త ఊపిరాడింది. అంతలో బావగారు ఫోన్ తీసి, పెరట్లో పదడుగుల దూరంలో ఉన్న మనిషికి ఇంట్లోంచి ఫోన్ చేశాడు. వాటిని ముక్కలు కొట్టి నల్ల సంచుల్లో నింపమన్నాడు. విరగని రేకులకైతే లారీ కావాలట, లారీవాడు లేనిపోని ప్రశ్నలు వేస్తాడట. సంచులైతే వీధి చివర చెత్తలో కలిసిపోతాయి.

మంచి రేకులు సార్, ఎవరైనా షెడ్డుకి వేసుకుంటారు కదా అని పొడుగాయన నసిగాడు. తర్వాత సుత్తి తీసుకున్నాడు.

ప్రతి దెబ్బకీ తెల్లటి పొగలా లేచింది. అందులో ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని దగ్గుతూ ముక్కలు ఏరి సంచిలో వేస్తున్నాడు. బావగారు మూసిన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, బత్తాయి తొనలు ఒలుచుకు తింటున్నాడు. గింజల్ని అరచేతిలోకి ఉమ్మి, ఇంకా చిన్న ముక్కలు కొట్టమని వేలితో అద్దం మీద తట్టి చూపించాడు. ఆమెకి ఇన్నేళ్ళూ ఈ మనిషికి కంచం పెట్టిన చేతుల్ని సబ్బేసి కడుక్కోవాలనిపించింది.

మధ్యాహ్నం పొడుగాయన వంటింటి మెట్టు మీద కూర్చుని డబ్బా తెరిచాడు. మూత మీద పడ్డ పొడిని ఉఫ్‌మని ఊది తినడం మొదలుపెట్టాడు. కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. మంచినీళ్ళు అడిగితే ఆమె తలుపు జానెడు తెరిచి, రెండు వేళ్ళతో గ్లాసు బయటికి చాచింది. అలా చాచిన తన చేతిని చూసుకుంటే ఆమెకి ఒళ్ళంతా జుగుప్స పాకింది. బావగారి చెయ్యి కూడా ఇలాగే ఉంటుంది.

"కిటికీలు మూసుకుని మంచి పని చేశారమ్మా. దుమ్ము కదా" అన్నాడతను, గ్లాసు అందుకుంటూ.

ఆమె తలుపు మూయలేకపోయింది. ఇంటికెళ్ళేముందు ఎక్కడైనా స్నానం చేసి బట్టలు మార్చుకుంటారా అని అడిగింది. అవునంటాడేమోనని ఆశ.

"ఎందుకమ్మా? గుమ్మంలో అడుగు పెట్టగానే మా పాప దులిపేస్తుంది. ఐదేళ్ళు దానికి. చిన్ని చేతుల్తో వీపు మీద దబదబా బాదుతుంది. దుమ్ము లేస్తే దానికి ఒకటే నవ్వు. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనివ్వదు."

పిల్ల దుప్పటి మీద తన అరచెయ్యి కదిలిన తీరు ఆమెకి గుర్తొచ్చింది. వెనక నుంచి బావగారు తలుపు వేసేయమని కసిరాడు. ఆమె లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి, తలుపు బార్లా తెరిచి, మెట్టు దిగింది.

"అది సిమెంటు కాదండీ" అంది.

అతని చేతులు దుమ్ముగా ఉన్నాయని తనే చదివి వినిపించింది. అడుగున ఉన్న అంకెతో సహా చదివింది. అతను ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు, తర్వాత దాన్ని డబ్బాలో పెట్టేసి మూత వేశాడు. బావగారు బయటికి రాలేదు. టేపు వెనక నుంచే అరిచాడు. ఇంకా నాలుగు రేకులే ఉన్నాయి, కాస్త ఎక్కువిస్తాను, ఈ ఆడదాని మాటలు వినకు, ఇప్పుడు కంపెనీవాళ్ళొస్తే పెరడంతా శుభ్రం చేయాలని మాకు రెట్టింపు వేస్తారు అంటూ. పక్కన తమ్ముడి తల ఊగుతూనే ఉంది. వాళ్ళిద్దరినీ ఆ అద్దంలో పక్కపక్కన చూస్తే ఆమెకి అసహ్యం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆమె పెరటి గోడ దగ్గరున్న రబ్బరు పైపు విప్పింది. ముందు బట్టలతోనే తడవమంది, తర్వాత వాటిని విప్పి సంచిలో మూటకట్టమంది. లోపలికి వెళ్ళి, బావగారు ఇస్త్రీ చేయించుకున్న కొత్త చొక్కా, ప్యాంటు తెచ్చి గోడ మీద పెట్టి, అటు తిరిగి నిలబడింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

పొడుగాయన వచ్చాడు. చొక్కా చేతులు అతని మోచేతులు దాటలేదు. పనిముట్లు తీసుకోలేదు. ఆమె క్షమించమని అడగబోయింది. అతను ఆమె వైపు చూడటం లేదు, ఇంటి వైపు చూస్తున్నాడు, ఒక్కొక్క కిటికీనే.

"ఎనిమిదేళ్ళ నుంచీ చేస్తున్నానమ్మా ఈ పని" అన్నాడు. "ఏ ఇంటికెళ్ళినా కిటికీలు ఇలాగే మూసుకునేవాళ్ళు."